స్టార్మ్ హై-రోడ్ బౌలింగ్ బంతి: నూనె ఉన్న లేన్ మీద, నూనె ఆరిన లేన్ మీద

విజయనగరంలో ఉద్యోగం చేసుకుంటూ, నెలలో రెండు మూడు ఆదివారాలు విశాఖపట్నం వెళ్ళి టెన్‌పిన్ బౌలింగ్ (లేన్ అనే పొడవాటి బాట చివర నిలబెట్టిన పది పిన్‌లను బంతి దొర్లించి పడగొట్టే ఆట) ఆడి వచ్చే మనిషిని నేను. దాదాపు 60 కిలోమీటర్ల ప్రయాణానికి 15 పౌండ్ల బంతిని, అంటే సుమారు 6.8 కిలోల బరువును, భుజాన వేసుకుని రైలెక్కుతాను. ఒకసారి ప్లాట్‌ఫారం మీద సంచి దించిన చప్పుడుకు పక్కన కూర్చున్న పెద్దావిడ ఉలిక్కిపడి, "గుమ్మడికాయా బాబూ?" అని అడిగింది. ఆట బంతి అని చెబితే, ఇంత బరువు బంతితో ఎవరు ఆడతారని నవ్వేసింది. కరణం మల్లీశ్వరి పుట్టిన శ్రీకాకుళం జిల్లాకు పొరుగువాళ్ళం, కోడి రామ్మూర్తి నాయుడు కథలు వింటూ పెరిగినవాళ్ళం కనుక, బరువు చూసి వెనకాడకూడదని మొదట్లో నేను 16 పౌండ్ల బంతికే ఆశపడ్డాను. రెండు ఆటలు ముగిసేసరికి మణికట్టు ఒప్పుకోలేదు.

ఏడాదిన్నరగా నా చేతిలో ఉన్నది స్టార్మ్ సంస్థ తయారుచేసే హై-రోడ్ అనే బంతి. ఇది మంచిదా కాదా అని మా బావ ఒక్క మాటలో చెప్పమంటాడు కానీ, లేన్ మీద నూనె ఎంత ఉంది, ఎంత దూరం ఉంది అన్నది చెప్పకుండా ఏ బౌలింగ్ బంతి గురించి ఏం చెప్పినా అది సగం మాటే. అందుకే ఈ సమీక్షలో బంతి గురించి ఎంత రాశానో నూనె గురించీ అంతే రాయవలసి వచ్చింది.

బౌలింగ్ లేన్ మీద నూనె ఉంటుందన్న సంగతే సరదాకి ఆడి వచ్చేవారిలో చాలామందికి తెలియదు, ఎందుకంటే అది కంటికి కనపడదు. ఆటగాడు దాటకూడని ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ వరకు లేన్ పొడవు 60 అడుగులు, వెడల్పు సుమారు 41.5 అంగుళాలు, ఆ వెడల్పు 39 సన్నని బోర్డులుగా లెక్కకు వస్తుంది. ఇంత పొడవున్న లేన్‌కు యంత్రం పూసే నూనె మాత్రం మామూలుగా 20 నుంచి 30 మిల్లీలీటర్లే, అంటే మా ఇంట్లో ఉదయం పెసరట్లకు పెనం మీద చుట్టూ వేసే నూనె కంటే తక్కువే. ఆ కొద్దిపాటి నూనెను కూడా లేన్ అంతటా సమంగా పూయరు. మామూలు క్లబ్బుల్లో మధ్య బోర్డుల మీద చిక్కగా, అంచుల వైపు పలచగా ఉండేలా, దాదాపు 40 అడుగుల వరకే పూసి, పిన్‌లకు ముందున్న చివరి 20 అడుగులను పొడిగా వదిలేస్తారు. క్యారమ్ బోర్డు మీద బోరిక్ పౌడరు ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా పడితే కాయిన్ నడక ఎలా మారిపోతుందో చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అందరం చూసినదే. ఇక్కడ ఆ తేడాను కావాలనే పెడతారు.

బంతి ఆ పొడి భాగంలోకి చేరాకే వంపు తిరుగుతుంది. దీన్ని బొంగరంతో పోల్చి చెబితే మన ప్రాంతంలో ఎవరికైనా సులువుగా అర్థమవుతుంది. నున్నటి గచ్చు మీద విసిరిన బొంగరం నిలవకుండా జారిపోతూ తిరుగుతుంది. అదే బొంగరం మట్టి నేల మీద పడిన చోటే పట్టు దొరకబుచ్చుకుంటుంది. బౌలింగ్ బంతికి వేళ్ళతో ఇచ్చిన పక్కతిప్పుడు నూనె మీద ఉన్నంతసేపూ ఖర్చు కాకుండా దాని దగ్గరే ఉంటుంది, పొడి భాగం తగిలాక ఆ తిప్పుడు నేలను పట్టుకుని బంతిని ఎడమకు లాగుతుంది. నూనె ఉన్న చోట ఘర్షణ గుణకం సుమారు 0.04, పొడి చోట సుమారు 0.2, అంటే పట్టు దాదాపు ఐదు రెట్లు పెరుగుతుంది. ఆ మలుపు ఎందుకంత ముఖ్యమంటే, కుడిచేతి ఆటగాడి బంతి అన్నిటికంటే ముందున్న 1వ పిన్‌కూ, దాని వెనక కుడి పక్కనున్న 3వ పిన్‌కూ మధ్యలోకి సుమారు 6 డిగ్రీల కోణంలో దిగితే స్ట్రైక్ (ఒక్క బంతికే పది పిన్‌లూ పడటం) వచ్చే అవకాశం చాలా ఎక్కువ, తిన్నగా వేసిన బంతికి ఆ కోణం దొరకదు.

నేను కొన్న మొదటి బంతి ఇది కాదు. నాలుగేళ్ళ క్రితం ఒక ఊళ్ళో ఒక దుకాణదారు, పేరు అనవసరం, "ఎక్కువ వంపు తిరిగేదే మంచి బంతండీ, ఖరీదు చూడకండి" అని చెప్పి, అసిమెట్రిక్ కోర్ (అన్ని వైపులా సమంగా లేని లోపలి దిమ్మ), గరుకైన సాలిడ్ కవర్‌స్టాక్ (పైపొర) ఉన్న బంతిని అంటగట్టాడు. అది నూనె ఏరులా పారే పోటీ లేన్ల కోసం తయారైన రకం. నేను ఎక్కడ ఆడతాను, అక్కడ నూనె ఎప్పుడు వేస్తారు అన్న రెండు ప్రశ్నలూ అతను అడగలేదు, అడగాలని నాకూ తెలియదు. ఆదివారం సాయంత్రం, పొద్దుటి నుంచి నూనె ముట్టని లేన్ మీద దాన్ని వేస్తే, ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, సగం దూరంలోనే పట్టు దొరికి, పిన్‌ల ముందు నుంచి అడ్డంగా దాటి లేన్ ఎడమ పక్కనున్న కాలువలో, అంటే గట్టర్లో, పడింది. ఆ బంతి కథ ఎలా ముగిసిందో తరువాత చెబుతాను.

హై-రోడ్ విషయానికి వస్తే, స్టార్మ్ అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన సంస్థ. బంతి తయారీలో పరిమళం కలపడం వారి అలవాటు కనుక పెట్టె తెరవగానే ఇల్లంతా మిఠాయి కొట్టులా వాసన వచ్చి, మా అబ్బాయి పెట్టెలో ఇంకేమైనా ఉందేమోనని వెతికాడు. అసలు విశేషం కవర్‌స్టాక్‌లో, అంటే పైపొరలో ఉంది. బంతుల పైపొరలు ముఖ్యంగా మూడు రకాలు: నూనెను పట్టించుకోకుండా తిన్నగా పోయే పాలియెస్టర్, అంటే మనం ప్లాస్టిక్ బంతి అనేది, తొందరగా మొదలై నిదానంగా, చివరిదాకా ఒకే తీరులో వంగే యురేథేన్, 1990ల మొదట్లో వచ్చి ఆటనే మార్చేసిన రియాక్టివ్ రెజిన్. ఈ మూడోదానిలో సాలిడ్ రకం ముందుగా పట్టు అందుకుంటుంది, ముత్యపు మెరుపు కలిపిన పెర్ల్ రకం ఎక్కువ దూరం జారిపోయి చివర్లో గట్టిగా తిరుగుతుంది. హై-రోడ్ ఈ రెండింటినీ కలిపిన హైబ్రిడ్. లోపలి కోర్ సిమెట్రిక్. 15 పౌండ్ల బంతికి ఆర్‌జి (బరువు కేంద్రం నుంచి ఎంత దూరంగా పరుచుకుందో చెప్పే అంకె) 2.57, డిఫరెన్షియల్ (వంపుకు ఎంత అవకాశం ఉందో సూచించే అంకె) 0.046. నిబంధనల ప్రకారం డిఫరెన్షియల్ 0.060 దాటకూడదు కనుక, దీన్ని మరీ దూకుడు బంతి అనలేం, మరీ సాధువు అనీ అనలేం. ఇంతకు మించి కోర్ గురించి చర్చించడం నాలాంటి స్థాయి ఆటగాడికి అనవసరమని నా అభిప్రాయం. నేల తాకేది పైపొర, నూనెతో వ్యవహారమంతా దానిదే.

ఇక లేన్ల మీద ఈ బంతి ఎలా నడుచుకుందో చెబుతాను. నేను వెళ్ళే క్లబ్బులో శని, ఆదివారాలు ఉదయం తలుపులు తెరవక ముందే నూనె యంత్రం నడుపుతారు. తొమ్మిదిన్నరకు చేరిన రోజున నేను కుడి నుంచి లెక్కిస్తే 20వ బోర్డు దగ్గర నిలబడి, కుడి నుంచి రెండో బాణం గుర్తు మీదుగా, అంటే 10వ బోర్డు మీదుగా వేస్తాను. నూనె పొడవులోంచి 31 తీసేస్తే బంతి నూనె దాటేటప్పుడు ఏ బోర్డు దగ్గర ఉండాలో వస్తుందని ఆటగాళ్ళలో ఒక లెక్క ఉంది. 40 అడుగుల నూనెకు అది 9వ బోర్డు. ఆ లెక్క ప్రకారమే హై-రోడ్ 9వ బోర్డు వరకు గీత గీసినట్టు వెళ్ళి, అక్కడ ఒక్క క్షణం తటపటాయించినట్టు కనిపించి, ఆపైన తల తిప్పి 1, 3 పిన్‌ల మధ్యలోకి దిగుతుంది. తాజా నూనె మీద ఈ బంతి ఇచ్చినంత నమ్మకమైన మలుపు నాకు మరే బంతీ ఇవ్వలేదు. కొంచెం తప్పు వేసినా, కుడికి జారిన బంతిని పొడి అంచు వెనక్కు పంపుతుంది, ఎడమకు తప్పిన బంతిని మధ్యలోని చిక్కటి నూనె ఎక్కువ తిరగనీయకుండా ఆపుతుంది. ఈ దయ బంతిది కాదు, క్లబ్బులో నూనె వేసే తీరుది. ఇక్కడ పడే స్కోరు చూసుకుని, వెడల్పంతా దాదాపు సమానంగా నూనె పూసే పోటీ లేన్ మీద కూడా అంతే వస్తుందనుకుంటే భంగపడక తప్పదు.

పదకొండు దాటాక లెక్క మారుతుంది. మా జట్టులో నలుగురివీ రియాక్టివ్ బంతులే. ఈ పైపొర నూనెను పీల్చుకుంటుంది కనుక, రెండు మూడు ఆటలు ముగిసేసరికి మేమందరం తొక్కిన 10వ బోర్డు దారిలో నూనె పలచబడుతుంది. అప్పుడు అదే చోటు నుంచి, అదే వేగంతో వేసిన బంతి అయిదారు అడుగులు ముందే మలుపు అందుకుని, మొదటి పిన్ ముఖాన తగిలి, 4వ పిన్నునో, ఒక్కోసారి రెండు మూలల మధ్య పెద్ద ఖాళీనో మిగిల్చి వెళుతుంది. చాలామంది ఇక్కడ చెయ్యి తప్పిందనుకుని వేగం పెంచుతారు. చెయ్యి బాగానే ఉంటుంది, నూనె జరిగిపోయి ఉంటుంది. కాళ్ళను రెండు బోర్డులు ఎడమకు, చూపును ఒక బోర్డు ఎడమకు జరిపితే హై-రోడ్ మళ్ళీ దారిలోకి వస్తుంది. పాలిష్ చేసిన పైపొర కనుక నూనె తగ్గే కొద్దీ మార్పు ఒక్కసారిగా రాకుండా, ముందుగా హెచ్చరించి వస్తుంది. ఒక బంతి మొదటి పిన్ ముఖానికి కాస్త దగ్గరగా తగిలిందంటే తరువాతి బంతికి జరిగితే చాలు.

సాయంత్రం నాలుగు తరువాత పుట్టినరోజుల పిల్లలు దిగుతారు. అద్దె బంతులన్నీ ప్లాస్టిక్‌వే, అవి నూనెను పీల్చుకోవు, ఒంటికి అంటించుకుని ముందుకు మోసుకుపోతాయి. దాంతో ముందున్న నూనె చెదిరిపోయి, పొడిగా ఉండవలసిన చివరి భాగంలో సన్నని నూనె చారలు ఏర్పడతాయి. హై-రోడ్ మొదట్లో తొందరపడి, చివర్లో పట్టు దొరక్క, ఎంత బాగా తగిలినట్టు కనిపించినా కుడి మూలలోని 10వ పిన్ను అలాగే వదిలేస్తుంది. ఆ పిన్ను నిలబడి ఉండగా బంతి వెనక్కు వచ్చే దారి వైపు చూసుకుంటూ కూర్చోవడం ఎంత చికాకో ఆడినవారికే తెలుసు. ఆ వేళకు నేను ఈ బంతిని సంచిలో పెట్టేసి, నా పాత ప్లాస్టిక్ బంతితో తిన్నగా ఆడతాను. పూర్తిగా ఆరిన లేన్ మీద ఈ హైబ్రిడ్‌తో కుస్తీ పట్టడం దండగ. ఏ రియాక్టివ్ బంతికీ అది చోటు కాదు.

మిగిలినది నూనె మరీ ఎక్కువైన రోజు. ఒక రోజు యంత్రం నడిపే కుర్రాడు, "ఈ రోజు పోటీ ఉందండీ, పొడుగ్గా వేశాను, కాస్త చూసుకోండి" అని ముందే చెప్పాడు. పెట్టెలోంచి తీసినప్పుడు ఉండే 1500 గ్రిట్ (ఉపరితలం నునుపును చెప్పే అంకె) పాలిష్‌తో హై-రోడ్ ఆ రోజు తలుపు దాటిపోయిన చుట్టంలా తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. ఇది మధ్యస్థమైన నూనె కోసం తయారైన బంతి కనుక అందులో ఆశ్చర్యం లేదు. కానీ అదే బంతిని ఆ పరిస్థితికి దగ్గరగా తీసుకెళ్ళే మార్గం ఒకటుంది, అది మరో బంతి కొనడం కంటే చాలా చౌక.

బంతి ఉపరితలాన్ని రుద్దే అబ్రలాన్ ప్యాడ్‌లు 500, 1000, 2000, 4000 గ్రిట్‌లలో దొరుకుతాయి. అంకె పెరిగే కొద్దీ ఉపరితలం నునుపవుతుంది, నునుపయ్యే కొద్దీ నూనె మీద బంతి ఎక్కువ దూరం జారుతుంది. ఇందులో ఒక చిక్కు ఉంది: పాలిష్ లేని 2000, పాలిష్ చేసిన 1500 కంటే అంకెలో నునుపుగా కనిపించినా, లేన్ మీద ముందుగా పట్టు అందుకునేది అదే, ఎందుకంటే పాలిష్ ఆ గరుకు గీతలను కప్పేస్తుంది. దుకాణాల్లో ఈ పనికి తిప్పే యంత్రం ఉంటుంది. మా ఇంట్లో అది లేదు కనుక, పెరట్లో నూతి గట్టు మీద, ఇత్తడి బిందె కింద అమ్మ వాడే కుదురును పరిచి, దాని మీద బంతిని కూర్చోబెట్టాను. కుదురు బంతిని కదలనీయదు, ఒంటికి గీత పడనీయదు. ఏ దుకాణంలో అమ్మే రబ్బరు రింగూ దీనికి సాటి రాదు. చెంబుతో నీళ్ళు పోస్తూ, 2000 ప్యాడ్‌ను అరచేతి కింద పెట్టి, ఒక్కో వైపు నిమిషం చొప్పున, బంతిని నాలుగు వైపులా తిప్పుకుంటూ సమానమైన ఒత్తిడితో రుద్దాను. మొదటి అర నిమిషంలోనే మెరుపు పోయి, బూడిద రాసిన పళ్ళెంలా మసకబారింది. నీళ్ళు బంతి మీద ముత్యాల్లా నిలవడం మానేసి, పలచని పొరలా పరుచుకోవడం మొదలైతే పని అయిందన్నట్టు. తరువాతి వారం అదే పొడవు నూనె మీద బంతి నాలుగైదు అడుగులు ముందే లేన్‌ను గుర్తించింది, చివర్లో మలుపు తీక్షణత మాత్రం కొంత తగ్గింది. పోటీ మొదలయ్యాక ఇలా రుద్దడం యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ నిబంధనల ప్రకారం కుదరదు కనుక, ఏం చేసినా ఇంటి దగ్గరే చేసుకుని వెళ్ళాలి.

కంటికి కనపడని నూనెను ఎలా చదవాలని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. బంతి తిరిగి రాగానే తువ్వాలు అందుకోక ముందు దాని ఒంటి మీది నూనె వలయాలను వెలుతురులో పెట్టి చూడండి. వలయాలు చిక్కగా, తడిగా ఉంటే ముందు భాగంలో నూనె బాగా ఉన్నట్టు. చెదురుమదురుగా, సగం ఆరినట్టు ఉంటే లేన్ అలిసిపోయినట్టు. చూశాక తుడవడం మరువకూడదు, ఎందుకంటే ఈ పైపొర వేసిన ప్రతిసారీ ఇంత నూనె తాగుతుంది, తాగిన కొద్దీ మొద్దుబారుతుంది. నేను ప్రతి బంతికీ మైక్రోఫైబర్ గుడ్డతో తుడుస్తాను, ఆట ముగిశాక క్లీనర్ వాడతాను, మూడు నాలుగు నెలలకొకసారి వేళ్ళ రంధ్రాలను టేపుతో మూసి, చెయ్యి పెట్టగలిగినంత వేడి నీళ్ళ బకెట్‌లో ఇరవై నిమిషాలు ఉంచుతాను. నీళ్ళ మీద తేలే నూనె జిడ్డు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నీళ్ళు మరిగేంత వేడిగా ఉండకూడదు. వేడి ఈ బంతులకు ఎంత శత్రువో నాకు ఖర్చు పెట్టి తెలిసింది: పైన చెప్పిన ఆ మొదటి బంతిని మే నెలలో కారు డిక్కీలో మూడు రోజులు మరిచిపోయాను, తీసేసరికి బొటనవేలి రంధ్రం నుంచి జుట్టంత చీలిక. తప్పు పూర్తిగా నాదే. ఇప్పుడు ఈ బంతి మంచం కింద, చల్లటి గచ్చు మీద, కుదురులోనే ఉంటుంది.

కొనేవారు రంధ్రాలు వేయించే విషయంలో నాలా తొందరపడవద్దు. బంతి వెంటే ఆ పని కూడా ఒప్పుకున్న మధ్యవర్తి నా చేతిని ఒక్కసారి కొలిచి, నెల తరువాత బంతి పంపాడు. బొటనవేలి రంధ్రం వదులుగా ఉండి, జారిపోతుందేమోనని బంతిని నొక్కి పట్టుకోవలసి వచ్చింది. నొక్కి పట్టుకున్న చేతి నుంచి తిప్పుడు రాదు, తిప్పుడు లేని చేతికి నూనె లెక్కలన్నీ వృథా. చివరకు వేరేచోట రంధ్రం పూడ్పించి మళ్ళీ వేయించాను. ఉక్క ఎక్కువగా ఉండే తీరప్రాంతంలో వేలు మధ్యాహ్నానికి కాస్త ఉబ్బుతుంది, వానాకాలపు ఉదయం సన్నబడుతుంది కనుక, రంధ్రాన్ని మరీ బిగువుగా కాక, లోపల ఒకటి రెండు టేపు ముక్కలు వేసి తీసుకునే వీలుండేలా వేయించుకోవాలి. పాతకాలం సలహాలు విని బరువు సరిచేసే అదనపు రంధ్రం వేయిస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. 2020 ఆగస్టు 1 నుంచి నిబంధనలు దాన్ని అనుమతించడం లేదు.

ధర ఒక మంచి సెల్‌ఫోనంత పడుతుంది, అందుకని నెలకు ఒక్కసారి స్నేహితులతో సరదాగా వెళ్ళేవారికి దీన్ని సిఫారసు చేయను. వారానికోసారైనా ఆడుతూ, వేళ్ళతో పక్కతిప్పుడు ఇవ్వడం వచ్చి, ఉదయం పూట నూనె వేసిన లేన్ దొరికే అవకాశం ఉన్నవారు మొదటి సొంత బంతిగా దీన్ని నిశ్చింతగా కొనుక్కోవచ్చు. దాని వెంట స్పేర్ల (మొదటి బంతికి మిగిలిన పిన్‌లను రెండో బంతితో పడగొట్టడం) కోసమూ, సాయంత్రపు పొడి లేన్ల కోసమూ ఒక ప్లాస్టిక్ బంతి, 2000, 4000 గ్రిట్ ప్యాడ్‌లు చెరొకటి ఉంటే సరిపోతుంది. సాయంత్రాలు తప్ప ఖాళీ దొరకనివారైతే, ముందుగా ఆ క్లబ్బులో నూనె ఎప్పుడు వేస్తారో కనుక్కుని, రోజుకోసారి కూడా వేయరని తెలిస్తే హై-రోడ్ జోలికి పోకుండా ఆ ప్లాస్టిక్ బంతి ఒక్కటే తీసుకోండి.